సంతకం కింద రెండో లైను

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 52 ఏళ్లు. మాది గూడూరు. గిండీలో ఇంజినీరింగ్ చదివి చెన్నైలోనే స్థిరపడ్డాను. శ్రీపెరుంబుదూరు దగ్గర కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో 23 ఏళ్లు పనిచేశాను. చివరికి క్వాలిటీ విభాగమంతా నా చేతికింద ఉండేది. పోయిన ఏడాది స్వచ్ఛంద విరమణ అని కాగితం చేతిలో పెట్టారు. స్వచ్ఛందం అన్నది పేరుకే. డబ్బుకి ఇప్పటికిప్పుడు ఇబ్బంది లేదు. మొన్న టి.నగర్‌లో ఒక పెళ్లికి వెళ్తే ఎవరో "ఇప్పుడెక్కడ చేస్తున్నారు?" అని అడిగారు. "అక్కడే" అనేశాను. మా ఆవిడ పక్కనే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆరు నెలలుగా ధ్యాన శిబిరాలకి వెళ్తున్నాను. నువ్వు శరీరం కాదు, మనసు కాదు, ఉద్యోగం కాదు, భర్తవీ తండ్రివీ కాదు, అవన్నీ వేషాలు, వదిలెయ్ అంటారు. అక్కడున్న మూడు రోజులూ హాయిగా ఉంటుంది. ఇంటికొచ్చాక ఏదీ పట్టించుకోబుద్ధి కాదు. కరెంటు బిల్లు, అమ్మాయి ప్లస్ టూ చదువు, ఏదీ నాది కాదనిపిస్తుంది. మా ఆవిడ, "మీరు వదిలేసింది మమ్మల్ని" అంటోంది. అమ్మ మాతోనే ఉంటుంది. 79 ఏళ్లు, మతిమరుపు. నన్ను తన తమ్ముడనుకుని "బండి దొరికిందా?" అని అడుగుతుంటుంది. నేను నీ కొడుకునమ్మా అని రోజుకి పదిసార్లు చెప్తాను. నేను నిజంగా ఎవర్ని? ఈ బతుక్కి ఒక లక్ష్యం కనబడాలంటే ఇంకా ఏమేం వదలాలి?

(పేరు వద్దన్న పాఠకుడు, అన్నానగర్, చెన్నై)

సమాధానం:

పేరు వేయొద్దన్నారు, వేయలేదు. అయితే ఉత్తరం చివర మీ సంతకం ఉంది, దాని కింద ఇంకో లైను కూడా ఉంది. మీ పాత హోదా, పాత కంపెనీ పేరు, వాటికి ముందు "మాజీ" అన్న మాట. దాన్నీ తీసేశాను. కానీ చదువుతున్నప్పుడు నా కళ్లు ఆగిపోయింది అక్కడే. నేనెవర్ని అని అడుగుతూ రాసిన ఉత్తరానికి అడుగున జవాబు కూడా మీరే రాసి పంపించారు.

దీన్ని ఎత్తిపొడుపు అనుకోకండి. ఆ లైను లేకుండా సంతకం పెడితే చెయ్యి ఎంత వెలితిగా ఉంటుందో నాకు తెలుసు. ఆ సంగతి కాసేపటికి చెప్తాను. సంతకం అనగానే ముందు నాకు గుర్తొచ్చేది ఒక చీటీ.

1896 ఆగస్టు 29న మదురైలో వెంకటరామన్ అనే పదహారేళ్ల కుర్రాడు ఇల్లు విడిచి వెళ్తూ అన్నగారికి రాసిపెట్టిన చీటీ అది. అంతకు ఆరు వారాల ముందు, బాబాయిగారింటి మేడగదిలో కూర్చునుండగా, ఒంట్లో ఏ జబ్బూ లేకుండానే చావుభయం కమ్ముకుంది. కేకలు పెట్టి ఎవర్నీ పిలవకుండా నేలమీద వెల్లకిలా పడుకుని, కాళ్లూ చేతులూ శవంలా బిగబట్టి, పోయేది ఏది, పోకుండా ఉండేది ఏది అని చూసుకున్నాడు. తర్వాతి కాలంలో రమణ మహర్షి అని లోకం పిలుచుకున్నది ఆ కుర్రాణ్ణే. చీటీ తమిళంలో ఉంటుంది. మొదటి వాక్యం "నేను" అని మొదలవుతుంది, తండ్రిని వెతుక్కుంటూ ఆయన ఆజ్ఞ ప్రకారం బయల్దేరుతున్నానని. రెండో వాక్యానికే ఆ "నేను" కాస్తా "ఇది" అయిపోయింది. ఇది మంచి పనికే పూనుకుంది, దీని కోసం ఎవరూ బాధపడక్కర్లేదు, దీన్ని వెతకడానికి డబ్బు ఖర్చు పెట్టొద్దు. చివర సంతకం ఉండాల్సిన చోట ఉత్త గీత.

ఇంతవరకూ మీ శిబిరాల్లో చెప్పే ఉంటారు. మిగతాది చెప్పారో లేదో. ఆరోజు అన్నగారు తన కాలేజీ ఫీజు కట్టి రమ్మని అయిదు రూపాయలు తీసుకోమన్నాడు. కుర్రాడు రైలు ఖర్చుకి మూడు తీసుకున్నాడు. నీ ఫీజు ఇంకా కట్టలేదు, ఇందులో రెండు రూపాయలున్నాయి అని అదే చీటీలో రాసి, ఆ రెండు రూపాయలూ దాంతోపాటు పెట్టి వెళ్లాడు. తన పేరు రాయడానికి చెయ్యి రాలేదు గాని, అన్న ఫీజు లెక్క రాయడానికి వచ్చింది. మీ కరెంటు బిల్లు మాట చదివినప్పట్నుంచీ నా మనసు ఆ రెండు రూపాయల చుట్టూనే తిరుగుతోంది. అంత పెద్ద ఇల్లు విడిచిన మనిషి వదలని చిన్న లెక్కని, ఇంట్లోనే ఉంటున్న మీరు ఎందుకు వదిలేశారు?

తెలుగులో ఒక మాట ఉంది, మీకు సరిగ్గా అతికే మాట. ఉపాధి. మీకు పోయింది ఉపాధి. వేదాంతం చెప్పేవాళ్లూ ఇదే మాట వాడతారు, అర్థం మాత్రం వేరు. పక్కన నిలబడి తన గుణాన్ని ఇంకోదానికి అంటించేది ఏదైనా ఉపాధే. వాళ్లు చెప్పే పోలిక స్ఫటికం, మందారప్పువ్వు. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు అబద్ధం కాదు, మందారం నిజంగానే ఎర్రన. పువ్వు చేసిన తప్పూ లేదు. నేనే ఎర్రన అని స్ఫటికం అనుకుంటే మాత్రం, పువ్వు తీసేసిన రోజున తన ప్రాణమే పోయినట్టుంటుంది. 23 ఏళ్లు మీ పక్కన మంచి ఎర్రటి పువ్వు ఉంది. దాన్ని ఎవరో తీసుకెళ్లారు. మీరిప్పుడు చేస్తున్నదేమిటంటే, భర్త అనే పువ్వునీ తండ్రి అనే పువ్వునీ కూడా మీ చేత్తో మీరే విసిరేస్తున్నారు, స్ఫటికం తేటగా కనిపిస్తుందేమోనని. అంత అవసరం లేదు. ఎరుపు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిస్తే చాలు, పువ్వు ఉన్నచోటే ఉండొచ్చు.

అయితే ఇది తెలుసుకునేది పుస్తకంతోనో ప్రవచనంతోనో కాదు. నొప్పి పుట్టిన చోట తెలుస్తుంది. నాకు అలాగే తెలిసింది.

నేను ఈ ఊళ్లో ఒక కాలేజీలో 29 ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను. చేరినప్పుడు క్లాసులో నలభై మంది, చివరేడు ముగ్గురు. నేను రిటైరయ్యాక ఆ సెక్షన్ తీసేశారు. అది జరిగిన కొన్నాళ్లకి ఒక బ్యాంకులో వివరాల ఫారం నింపాల్సి వచ్చింది. వృత్తి అన్న చోట నేను రాసేలోపే కౌంటర్లో అమ్మాయి "హౌస్‌వైఫ్ కదా మేడమ్" అంటూ తనే టిక్ పెట్టేసింది. మర్యాదగానే అంది. నాకు మెడ దగ్గర వేడెక్కింది. ఆ వేడి నాలుగు రోజులు దిగలేదు. బియ్యం కడుగుతున్నా అదే, బీచ్‌లో నడుస్తున్నా అదే. నాలుగో రోజున అడయారులో మా మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. ఇంట్లో అన్నం వండుకునే మనిషిని నేను, అది నిజమే. ఆ పిల్ల అన్నది అబద్ధం కాదు. మరి దెబ్బ తగిలింది ఎవరికి? దెబ్బ తిన్నది నా తెలుగు కాదు, నా చదువు కాదు, నా పిల్లలు నాకు రాసే ఉత్తరాలు కావు. "లెక్చరర్‌గారు" అని ఎదుటివాళ్లు అనగా వినడానికి అలవాటుపడ్డ చెవి ఒకటుంది, దానికి తగిలింది. అది కనిపించాక వేడి దానంతటదే దిగింది. మళ్లీ రాలేదని చెప్పను. వచ్చినప్పుడల్లా ఇప్పుడు పాత చుట్టంలా గుర్తుపడతాను.

ఎరుక అన్నది మనకి చాలా పెద్ద మాటైపోయింది, ఏ హిమాలయాల్లోనో దొరికేదన్నట్టు. మా అమ్మమ్మ "ఆయన మాకు ఎరికే" అనేది. పరిచయమే అని దానర్థం, అంతే. మీలో లేచే ఆ వేడితో, ఆ "అక్కడే" అన్న మాటతో మీకు పరిచయం కావాలి. పెళ్లిలో ఆ ప్రశ్న చెవినపడ్డాక, మీరు నోరు తెరవడానికి ముందు, ఒక్క క్షణం మీ ఒంట్లో ఎక్కడో ఏదో జరిగి ఉంటుంది. కడుపులోనో, గొంతులోనో. ఆ క్షణాన్ని చూడటమే మీ ధ్యానం. మూడు రోజుల శిబిరంలో అది దొరకదు, ఎందుకంటే అక్కడ మిమ్మల్ని ఎవరూ ఎక్కడ చేస్తున్నారని అడగరు. అందుకే అక్కడ హాయి.

ఇంకో రోజు సంగతి కూడా చెప్తాను. మా వీధి చివర వేపచెట్టు కింద తోపుడుబండి మీద ఇస్త్రీ చేసే ఆయనది చిత్తూరు వైపు. నేను తెలుగే మాట్లాడతానని తెలుసు, ఏం చేసేదాన్నో తెలియదు. ఒకసారి బట్టలు తీసుకుంటుంటే, "అమ్మా, మీకు తెలుగు చదవను వస్తుందా?" అని అడిగాడు. ఆయన పుట్టిందీ చదివిందీ ఇక్కడే, తమిళ బడిలో. 29 ఏళ్లు నా నాలుక చివరికొచ్చి నిలబడ్డాయి. మింగేసి, "వస్తుందయ్యా, ఇటివ్వు" అన్నాను. బండి కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. వాళ్ల నాన్న పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం, తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు. సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ తేదీన హాజరు కావాలో, ఒక్కొక్క లైనూ చదివి చెప్పాను. ఆయన వేలు నా వేలి వెనకాలే కాగితం మీద కదులుతోంది. వేలికి బొగ్గు మసి ఉంది, కాగితానికి అంటకూడదని అంగుళం ఎత్తులో పట్టుకున్నాడు. పది నిమిషాలు పట్టిందేమో. ఇంటికొచ్చి తాళం తీస్తుండగా తట్టింది, ఆ పది నిమిషాలూ నేనెవరన్నది నాకు గుర్తే లేదు.

ఇప్పుడు శనివారం పొద్దున్న మా మెట్ల మీద ఇద్దరో ముగ్గురో కాగితాలతో కూర్చుంటారు. జీవిత లక్ష్యం అని దానికి పేరు పెట్టను. శనివారం పొద్దున్న ఉండే పని. మీరు లక్ష్యం కనబడాలి అని రాశారు చూడండి, ఆ వాక్యం చదివినప్పుడు నాకు భయమేసింది. సంతకం కింద ఖాళీ అయిన లైనులో రాసుకోడానికి ఇంకో హోదా వెతుకుతున్నారేమోనని. సాధకుడు అన్నదీ హోదాయే. మొదటిదాని కంటే గట్టిగా అంటుకునేది కూడా, ఎందుకంటే దాన్ని తీసేసుకుని ఇంటికి పంపించే కంపెనీ ఉండదు.

ఇక్కడ కొంచెం ఆగి, వేరే మాట చెప్పాలి. మన పెద్దవాళ్లు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెప్పారు. మూడూ ఇల్లు చేరేలోపు కరిగిపోయేవే. మీది అలా లేదు. ఇంటికొచ్చాకే మొదలవుతోంది, నెలల తరబడి ఉంటోంది. ఏదీ నాది కాదనిపించడం, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకపోవడం, నిద్ర పట్టకపోవడం. వైరాగ్యం వచ్చిన మనిషి తేలికవుతాడు, ఎదుటి మనిషి ఆకలి ముందుకంటే బాగా కనిపిస్తుంది. ఏదీ అంటకుండా మొద్దుబారిపోతే దానికి పేరు వేరు. ఉద్యోగం పోయిన తర్వాత డిప్రెషన్ రావడం వింతేమీ కాదు, దానికి వైద్యం ఉంది. రెండు వారాలు దాటి ఇలా ఉంటే డాక్టర్ని చూడాల్సిందే. మీకు నెలలు గడిచిపోయాయి. ముందు 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. తర్వాత ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి, మీ ఆవిడని వెంట తీసుకెళ్లండి. ఎప్పుడైనా ప్రాణం మీద విసుగు పుడితే ఆ రాత్రే, ఆ గంటలోనే ఫోన్ చేయాలి. నేనెవర్ని అన్న ప్రశ్న ఎక్కడికీ పోదు, నిద్ర పట్టాక ఇంకా శుభ్రంగా అడగొచ్చు.

మళ్లీ మన దారికి వద్దాం. పెద్ద పేరొకటి నిజంగా వదిలేసిన మనిషి ఎలా ఉంటాడో తెలియాలంటే మీరు ఊరు దాటక్కర్లేదు. 1895లో మదనపల్లెలో ఒక తెలుగింట పుట్టిన పిల్లవాడు జిడ్డు కృష్ణమూర్తి. తండ్రి అడయారు దివ్యజ్ఞాన సమాజంలో (థియోసాఫికల్ సొసైటీ) పనిచేయడానికి 1909లో కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చుకున్నాడు. బడిలో మందబుద్ధి అని దెబ్బలు తినే ఆ పిల్లవాణ్ణి అడయారు సముద్రపొడ్డున చూసి, సమాజం పెద్దలు రాబోయే జగద్గురువు ఇతనే అన్నారు. 1911లో అతని కోసం ఒక సంఘమే పెట్టారు. దేశదేశాల్లో సభ్యులు, ఎస్టేట్లు, ఒక కోట. అంతకంటే పెద్ద లైను ఏ సంతకం కింద ఉంటుంది? 1929 ఆగస్టు 3న హాలండ్‌లో ఓమెన్ అనే ఊళ్లో, మూడు వేల మందికి పైగా సభ్యుల ముందు, పెంచిన తల్లిలాంటి అనీబిసెంటు ఎదుటే, ఆ సంఘాన్ని రద్దు చేశాడు. కోటా భూములూ ఇచ్చినవాళ్లకి తిరిగి వెళ్లిపోయాయి. అప్పుడాయనకి 34 ఏళ్లు.

ఆ రోజు గురించి అందరూ చెప్తారు. నన్ను పట్టుకునేది ఆ తర్వాతి 56 ఏళ్లు. పేరు వదిలేశాడు గాని పని మానలేదు. ఏడాదేడాదీ ఊళ్లు తిరిగి మాట్లాడాడు. మాట్లాడేటప్పుడు తన గురించి చెప్పుకోవాల్సి వస్తే, తరచుగా "వక్త" అనేవాడు. ఇందాకటి చీటీలో "ఇది" లాగా. చివరి ప్రసంగం 1986 జనవరిలో, మా ఇంటికి నడక దూరంలో, గ్రీన్‌వేస్ రోడ్డులోని వసంత విహార్ చెట్ల కింద. మరుసటి నెల 17న కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. సాయంత్రాలు ఆ గేటు ముందు నుంచి నడుస్తున్నప్పుడు నాకు అనిపిస్తుంటుంది, జగద్గురువు అన్న మాట ఆయన చేతుల్లోంచి జారిపోయాక ఆ చేతులు ఖాళీగా కూర్చోలేదు, పనికి ఇంకా వీలు దొరికింది అని.

మీ చేతుల సంగతికి వద్దాం. మీరు క్వాలిటీ మనిషి. ఒక భాగం కొలత తప్పితే దాన్ని పక్కన పెట్టి, ఏ మెషీన్ దగ్గర, ఏ షిఫ్టులో తప్పిందో చూస్తారు. లైనంతా ఆపేసి, లైట్లార్పి ఇంటికెళ్లరు. మీ బతుకులో మాత్రం అదే చేశారు. తప్పిన భాగం ఒక్కటే: పెళ్లిలో "అక్కడే" అన్నవాడు. వాడి కోసం తండ్రినీ భర్తనీ కొడుకునీ కూడా తిరస్కరించిన సరుకులో వేశారు. లోపం ఎక్కడుందో పదిమందికంటే ముందు కనిపెట్టే కన్ను కంపెనీ ఇచ్చిన కార్డుతో పాటు వెనక్కి వెళ్లలేదు, మీ దగ్గరే ఉంది. అన్నానగర్ దాటితే అంబత్తూరు. అక్కడ పారిశ్రామికవాడలో నలుగురైదుగురు మనుషులతో నడిచే చిన్న వర్క్‌షాపులు ఎన్నో. సరుకు తిరిగొచ్చేస్తోంది, ఎందుకో తెలియడం లేదు అని తల పట్టుకునే యజమాని మీకు తెలిసినవాళ్లలోనే ఒకరుంటారు. వారానికొకరోజు వెళ్లండి. విజిటింగ్ కార్డు కొట్టించుకోకండి. కన్సల్టెంట్‌నని చెప్పుకోకండి, కొన్నాళ్లైనా. జీతం మాట తర్వాత తేల్చుకోవచ్చు. గేజ్ చేతిలో పట్టుకున్న ఆ అరగంట ఎలా ఉందో మాత్రం చూసుకోండి.

మీ ఆవిడ మాట. "మీరు వదిలేసింది మమ్మల్ని" అందావిడ. ఆరు నెలల శిబిరాల్లో మీకు చెప్పినవన్నీ కలిపినా ఆ మాటంత స్పష్టంగా లేవు. పెళ్లి రాత్రి మీకు నిద్ర పట్టలేదని రాశారు. ఆవిడ పడుకుందా? ఉత్తరంలో లేదు. మీరు అబద్ధం చెప్తుంటే నలుగురి మధ్యా పక్కన నిలబడి, కాదనకుండా, అవుననకుండా, మీ పరువు తన మొహం మీద మోసిన మనిషి. అప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో చూశారా? నేను నేను అన్న రొద బాగా ఎక్కువైనప్పుడు ముందుగా వినబడకుండా పోయేది పక్కనున్న మనిషి. ఇవాళే అడగండి, ఆ రోజు నీకెలా అనిపించింది అని. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో ఏమీ అనకండి. కరెంటు బిల్లు మీ పేరునే ఉంటే మీరే కట్టండి, అమ్మాయి లెక్కల పుస్తకం ముందు రోజుకో గంట కూర్చోండి. రెండు రూపాయలు చీటీలో పెట్టడం అంటే అదే.

ఇక అమ్మగారు. ఉత్తరంలో ఆవిడ గురించి రాసింది నాలుగు ముక్కలు. నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించింది అదే.

మా అత్తగారు చివరి రెండేళ్లూ నన్ను వంటమనిషి అనుకున్నారు. "నెలకెంత ఇమ్మంటావు?" అని అడిగేవారు. నేను మీ కోడల్నండీ, మీ పెద్దబ్బాయి భార్యని అని ప్రతిసారీ చెప్పేదాన్ని. చెప్పినప్పుడల్లా ఆవిడ కళ్లల్లో బెదురు. తెలియాల్సింది తనకి తెలియడం లేదని ఆ క్షణంలో ఆవిడకి తెలుస్తుంది కదా, ఆ బెదురు. చూసే డాక్టరు ఒకరు నాతో అన్నారు, సరిదిద్దకండి, ఆవిడ ఉన్న చోటికి మీరే వెళ్లండి అని. నాకు చాలా రోజులు చేత కాలేదు. ఒకరోజు రసం కలిపి ముద్ద పెడుతుంటే మళ్లీ అడిగారు. "మీకెంత తోస్తే అంత ఇవ్వండమ్మా" అన్నాను. ఆవిడ నవ్వి, నా మణికట్టు పట్టుకుని, "నువ్వు మంచిదానివి, మానెయ్యకు" అన్నారు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ల కోడలిగా ఉండి ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

మీ అమ్మగారు బండి దొరికిందా అని అడిగినప్పుడు, నేను నీ కొడుకునమ్మా అని రోజుకి పదిసార్లు చెప్తున్నానన్నారు. ఎవరికోసం చెప్తున్నారు? ఆవిడకి అది నిలవదని మీకు తెలుసు. ఇంకా ఏమేం వదలాలి అని నన్ను అడిగారు. దానికి జవాబు మీ హాల్లో కుర్చీలో కూర్చుని రోజుకి పదిసార్లు మిమ్మల్ని పిలుస్తోంది. మీ డిగ్రీ, మీ కంపెనీ, మీరు పడ్డ అవమానం, ఆఖరికి మీ పేరు కూడా ఆవిడ దగ్గర లేవు. అయినా మిమ్మల్ని చూస్తే ఆవిడకి ఎవరో తనవాళ్లు రైలు దిగి వచ్చినంత సంతోషం. నేను శరీరం కాదు, మనసు కాదు అని శిబిరంలో కళ్లు మూసుకుని అనుకోవడం సులువు. కన్నతల్లి ఇంకొకరి పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి పలకడం కష్టం. ఆ కష్టం దగ్గరే మీరు అడిగిన ప్రశ్నకి చోటుంది.

1916లో అళగమ్మగారు అరుణాచలానికి కొడుకు దగ్గరికి వచ్చేశారు. సంతకం లేని చీటీ రాసి వెళ్లిపోయిన ఆ కొడుకు దగ్గరికే. 1922 మే 19, ఆవిడ చివరి రోజు. పొద్దుటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా ఒక చెయ్యి తల్లి గుండె మీద, ఇంకో చెయ్యి తల మీద పెట్టుకుని ఆయన పక్కనే కూర్చున్నారు. తల్లి ఎవరు, కొడుకు ఎవరు అని లేచిపోలేదు.

మీ మనసులో ఒక ముల్లు ఉండొచ్చు: పెళ్లిలో ఒక అబద్ధమాడి నిద్ర పోగొట్టుకున్నాను, ఇప్పుడు అమ్మతో ఇంకోటి ఆడమంటున్నారా అని. "అక్కడే" అన్నప్పుడు ఆ మాట మిమ్మల్ని దాచింది. అమ్మకి ఇచ్చే జవాబులో దాక్కునేవాడు ఎవరూ లేరు. తేడా ఒంట్లోనే తెలుస్తుంది, గొంతు బిగుసుకోదు. ఆవిడని సరైన డాక్టరుకీ చూపించండి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో 2024లో తెరిచిన ప్రభుత్వ వృద్ధుల ఆసుపత్రి మీకు దూరం కాదు. మతిమరుపు ఎంత ముదిరింది, మందులు ఏమైనా మార్చాలా, రాత్రిళ్లు లేచి తిరుగుతుంటే ఏం చేయాలి, ఇవన్నీ వాళ్లని అడగండి. ఆవిడ పనంతా ఇప్పటిదాకా మీ ఆవిడే చూస్తోందని నా అనుమానం. మీరు ఇంట్లో ఉన్నారు కాబట్టి సగం మీ చేతికి రావాలి. స్నానానికి నీళ్లు తొరపడం నుంచి.

మీ మేనమామ పెళ్లిళ్లకీ పండగలకీ ఏ బండికి వచ్చేవాడో, నెల్లూరు నుంచా, సూళ్లూరుపేట నుంచా, స్టేషన్లో దిగి ఏం కొనుక్కొచ్చేవాడో మీకు చిన్నప్పుడు చూసిన గుర్తుంటుంది. లేకపోతే ఆవిడనే అడగండి, చెప్తుంది. పాతవి ఉంటాయి వాళ్ల దగ్గర. రేపు కాఫీ గ్లాసు చేతికిచ్చేటప్పుడు ఆవిడ తలెత్తి బండి దొరికిందా అంటే, పక్కన స్టూలు లాక్కుని కూర్చోండి. "దొరికిందక్కా" అనండి. "సీటు కూడా దొరికింది."